పిస్టన్ కొనేముందు బ్లాకును కొలవండి: పాత కార్ల యజమానుల ప్రశ్నలు, జవాబులు

పాత కార్ల ఇంజన్లకు కొత్త పిస్టన్లు ఎంచుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని సందేహమే తక్కిన వాటిలోనూ ఏదో ఒక రూపంలో కనిపించింది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మా తాతగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న 1930ల నాటి కారును బాగు చేయిస్తున్నాను. దానిది నాలుగు సిలిండర్ల సైడ్‌వాల్వ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే) ఇంజను. విప్పి చూస్తే పిస్టన్ల తలల మీద +20 అన్న అంకె ఉంది. సిలిండర్ల పైభాగంలో గోటికి తగిలేంత గట్టు ఏర్పడింది. సిలిండర్ లోపలి వ్యాసం (బోర్) కొలిచే గేజ్‌తో కొలిస్తే అరుగుదల 0.25 మి.మీ. వచ్చింది. +30, +40, +60 సెట్లు మూడూ దొరుకుతున్నాయి. నా లెక్క ప్రకారం +30 సరిపోవాలి. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు కొలిచిన అంకె సరైనదే కావచ్చు, కాని ఆ అరుగుదల సిలిండర్ గోడకు ఏ వైపున ఎంత జరిగిందో ఆ ఒక్క అంకె చెప్పదు. +20 అంటే అసలు కొలత కంటే అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు, అంటే 0.508 మి.మీ. పెద్దదని అర్థం. +30కి వెళితే అదనంగా లభించేది 0.254 మి.మీ. మాత్రమే. వ్యాసంలో కనిపించిన అరుగుదలే 0.25 ఉన్నప్పుడు, హోనింగుకు, అంటే చివరగా గోడను రుద్ది నునుపు చేయడానికి, మిగిలేది ఏమీ లేదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. పేలుడు ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది కనుక, పిస్టన్ సిలిండర్‌లో ఒక పక్క గోడనే గట్టిగా ఒరుసుకుంటుంది. దానిని త్రస్ట్ వైపు అంటారు. పిస్టన్ పై రింగు ఆగి వెనక్కు తిరిగే చోట నూనె పొర పలచబడుతుంది, రింగు వెనక వాయువు ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, అందువల్ల అరుగుదల అంతా అక్కడే, అదీ ప్రధానంగా ఆ ఒక్క పక్కనే పోగవుతుంది. మీ సిలిండర్‌లో త్రస్ట్ వైపు 0.20, ఎదుటి వైపు 0.05 మి.మీ. అరిగిందనుకుందాం. గేజ్ చూపేది వాటి మొత్తం 0.25. బోరింగు చేసే, అంటే సిలిండర్‌ను కోసి పెద్దది చేసే, మనిషి మాత్రం పాత కేంద్రాన్ని, అంటే సిలిండర్ అడుగున రింగులు తాకని భాగపు కేంద్రాన్ని, కదలనివ్వకూడదు. కదిలితే సిలిండరూ క్రాంక్‌షాఫ్టూ ఒకదానికొకటి తిన్నగా ఉండవు. ఆ కేంద్రం చుట్టూ 0.20 లోతు గుంట పోవాలంటే వ్యాసం 0.40 పెరగాలి. అప్పుడు +30 చాలదు, +40 చాలుతుంది. +20 నుంచి +40కి మధ్య ఉన్న 0.508 మి.మీ.లో 0.40 పోను మిగిలిన దానిలో హోనింగుకు కావలసిన 0.05 నుంచి 0.08 మి.మీ. హాయిగా సరిపోతుంది.

కాబట్టి ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల, ఒక్కొక్క చోట పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్ను దిశలోనూ దానికి అడ్డంగానూ కొలిచి, నాలుగు సిలిండర్ల అంకెలనూ కాగితం మీద రాసుకోండి. అన్నింటిలో ఎక్కువ చెడిన సిలిండర్‌ను శుభ్రం చేయగల అతి చిన్న ఓవర్‌సైజ్ ఏదో అదే మీ సైజు. ఒక్క సిలిండర్ మాత్రమే మిగిలిన మూడింటి కంటే ఘోరంగా ఉంటే, దాని కోసం మూడింటినీ కోసేయడం కంటే ఆ ఒక్కదానికి లైనర్ (లోపల దించే కొత్త గోడ గొట్టం) వేయించి తక్కిన వాటి కొలతకు తేవడం మేలు. +60కి వెళ్లడం చాలా ఇంజన్లలో చివరి మెట్టు. పాత పోతల్లో లోపలి మట్టి అచ్చు కాస్త జరిగి గోడ ఒక వైపు మందంగా, మరొక వైపు పలచగా రావడం కద్దు. దానికి నీటి వైపు నుంచి దశాబ్దాల తుప్పు తోడవుతుంది. అల్ట్రాసోనిక్ మందం కొలిచే పరికరంతో గోడలు పరీక్షించకుండా +60 పిస్టన్లు కొనడం జూదమే.

కొలతలు తేలాక ముందు పిస్టన్లు తెప్పించుకోండి, బోరింగు ఆ తరువాత. ఒకప్పుడు నేను తొందరపడి, పిస్టన్లు దారిలో ఉండగానే బ్లాకును +40కి కోయించాను. వచ్చిన పిస్టన్లు నేను అనుకున్న దానికంటే 0.05 మి.మీ. చిన్నవిగా తేలాయి. బ్లాకుకు లోహం తిరిగి అతికించలేము గదా. పిస్టన్ మీద +40 అని ఉన్నంత మాత్రాన పిస్టన్ కొలత అది కాదు. చాలామంది తయారీదారులు కావలసిన వదులును పిస్టన్‌లోనే తగ్గించి, అది ఇమిడే బోర్ కొలతను తల మీద ముద్రిస్తారు. అందుకే ప్రతి పిస్టన్‌నూ మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి ఏ సిలిండరో అంకె వేసి, ఆ సిలిండర్‌ను ఆ పిస్టన్‌కు తగినట్టు హోన్ చేయించాలి.

కొలిచే చోటు కూడా ముఖ్యమే. పిస్టన్ చూడటానికి గుండ్రంగా ఉన్నా నిజానికి కొద్దిగా కోలగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. తల దాదాపు 250 డిగ్రీల వేడికి చేరుతుంది, స్కర్ట్, అంటే రింగుల కింది భాగం, అంత వేడెక్కదు, కాబట్టి తలను ముందే చిన్నదిగా చేస్తారు. తల దగ్గర కొలిచి "పిస్టన్ చాలా వదులుగా ఉంది" అని కంగారుపడి తిప్పి పంపినవారు ఉన్నారు. పిన్నుకు అడ్డంగా, స్కర్ట్ మీద, తయారీదారు చెప్పిన ఎత్తులో కొలిచిన అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: నా ఇంజను పిస్టన్లు ఎక్కడా దొరకడం లేదు. 64 మి.మీ. వ్యాసంతో, సరిగ్గా నా పిన్ను లావే ఉన్న మరొక ఇంజను పిస్టన్లు దొరికాయి. పిన్ను మధ్య నుంచి తల వరకు నా పాత పిస్టన్ 50 మి.మీ. ఉంటే ఇవి 47 ఉన్నాయి. మూడు మిల్లీమీటర్లే గదా, వేయవచ్చా?

జవాబు: ఆ మూడు మిల్లీమీటర్లనే ముందు చూడాలి. పిన్ను మధ్య నుంచి తల అంచు వరకు ఉండే ఎత్తును కంప్రెషన్ హైట్ అంటారు. క్రాంక్ అర్ధ స్ట్రోకు, కనెక్టింగ్ రాడ్ పొడవు, ఈ ఎత్తు, మూడూ కలిపితే పిస్టన్ బ్లాకు పై అంచుకు ఎంత దగ్గరగా వస్తుందో తెలుస్తుంది. స్ట్రోకు 90, రాడ్ 180 మి.మీ. అనుకుంటే, 45 కి 180, 50 కలిపి 275 వస్తుంది. బ్లాకు ఎత్తు 275.5 ఉంటే పాత పిస్టన్ అంచుకు అర మిల్లీమీటరు కింద ఆగేది. కొత్తది 3.5 మి.మీ. కింద ఆగిపోతుంది.

దాని ఫలితం లెక్కకు అందుతుంది. 64 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు ఉన్న సిలిండర్ ఒక దెబ్బకు 289.5 సి.సి. ఊడుస్తుంది. కంప్రెషన్ రేషియో (పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం ఖాళీకి, పైకి వచ్చాక మిగిలే ఖాళీకి నిష్పత్తి) 6 అయితే పైన మిగిలే ఖాళీ సుమారు 58 సి.సి. పిస్టన్ 3 మి.మీ. కిందికి దిగితే మరో 9.6 సి.సి. ఖాళీ చేరి, రేషియో 5.3కి పడిపోతుంది. ఇంజను నడుస్తుంది గాని మందకొడిగా నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సైడ్‌వాల్వ్ ఇంజనుకు ఇంకొక నష్టం కూడా ఉంది. పిస్టన్ తల, హెడ్ ఒకదానికొకటి దగ్గరగా వచ్చి మిశ్రమాన్ని వాల్వుల వైపు చిమ్మేలా రూపొందించిన ఇంజన్లలో, ఆ సందు పెరిగితే ఆ చిమ్ముడు పోయి, తక్కువ రేషియోలోనే ఇంజను టకటకమని కొట్టడం మొదలు కావచ్చు. హెడ్‌ను కొంత చెక్కించి ఖాళీ తగ్గించవచ్చునేమో గాని, పిస్టన్ కింద ఆగిపోవడాన్ని చెక్కుడు సరిచేయలేదు.

ఎత్తు తక్కువైతే ఇంత కథ. ఎక్కువైతే కథ ఇంకా పొట్టిది, ఎందుకంటే మొదటి చుట్టులోనే పిస్టన్ హెడ్‌కు తగులుతుంది. పాత గాస్కెట్ బిగించాక ఎంత మందం మిగిలిందో కొలిచి, బంకమట్టి ముద్ద ఒకటి పిస్టన్ తల మీద పెట్టి, హెడ్ బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, ఆ ముద్ద ఎంత పలచబడిందో చూడకుండా ఏ కొత్త రకం పిస్టన్‌తోనూ ఇంజను స్టార్టు చేయవద్దు.

తక్కినవి కూడా చూడండి. పిన్ను లావు ఒకటే అయినా బిగించే పద్ధతి వేరు కావచ్చు. 1930లలో చాలా ఇంజన్లలో పిన్నును రాడ్ పై చివర (స్మాల్ ఎండ్)లో ఒక బోల్టుతో బిగించేవారు, అందుకు పిన్ను మధ్యలో గాడి ఉండేది. కొత్త పిస్టన్‌తో వచ్చే పిన్ను రెండు చివరలా సర్క్లిప్‌లతో (గాడిలో ఇమిడే స్ప్రింగు వలయాలతో) ఆగే రకమైతే, ఆ పిస్టన్‌లో సర్క్లిప్ గాడులు ఉన్నాయా, మీ రాడ్‌కు బుష్ వేసే చోటు ఉందా అని చూడాలి. పిన్ను ఇటూ అటూ జరిగి సిలిండర్ గోడను గీరితే బ్లాకు మళ్లీ బోరింగుకే. పిస్టన్ లోపలి రెండు పిన్ను దిమ్మల మధ్య దూరం రాడ్ వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి. స్కర్ట్ పొడవు ఎక్కువైతే అడుగుకు దిగినప్పుడు క్రాంకు బరువులకు తగలవచ్చు.

ఒక మాట చెప్పి ఈ ప్రశ్న ముగిస్తాను. ఆ కాలపు బ్రిటిష్ ఇంజన్ల బోరు అంత సన్నగా, స్ట్రోకు అంత పొడవుగా ఎందుకుందంటే, 1947 దాకా అక్కడ కారు మీద పన్నును సిలిండర్ల వ్యాసం, సంఖ్యలను బట్టి లెక్కకట్టేవారు, స్ట్రోకు లెక్కలోకి వచ్చేది కాదు. ఆస్టిన్ సెవెన్ బోరు 56, స్ట్రోకు 76.2. మోరిస్ ఎయిట్ బోరు 57, స్ట్రోకు 90. అలాంటి వ్యాసానికి ఇప్పుడు దొరికే పిస్టన్లు పొట్టి స్ట్రోకు ఇంజన్ల కోసం చేసినవి. వాటి కంప్రెషన్ హైట్ 30 మి.మీ. చుట్టుపక్కల ఉండటం సాధారణం. వ్యాసం కలిసిందని మురిసిపోయి కొంటే చేతులు కాలేది ఇక్కడే.

ప్రశ్న: నా కారులో పోత ఇనుప పిస్టన్లు ఉన్నాయి. వాటికి బదులు అల్యూమినియంవి వేయించుకోమని కొందరు, ఫోర్జింగ్ (లోహాన్ని ఒత్తి మలచిన) పిస్టన్లే గట్టివని మరికొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: అల్యూమినియం పిస్టన్ కొత్త ఫ్యాషన్ కాదు. డబ్ల్యూ.ఓ. బెంట్లీ 1913లో ఫ్రాన్స్‌లోని డీఎఫ్‌పీ కార్ల కర్మాగారానికి వెళ్లినప్పుడు, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన చిన్న అల్యూమినియం పిస్టన్ బొమ్మ ఆయన కంటబడింది. 88 పాళ్ల అల్యూమినియం, 12 పాళ్ల రాగి కలిపిన లోహంతో నిజమైన పిస్టన్లు చేయించి ఆయన తన కార్లను పందేలలో నడిపారు. బరువు తగ్గడమే దాని గొప్ప. మీ ఇనుప పిస్టన్ 500 గ్రాములు, దానికి బదులు వచ్చేది 300 గ్రాములు అనుకుందాం. 90 మి.మీ. స్ట్రోకుతో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, పిస్టన్‌ను పైన ఆపి వెనక్కు లాగడానికి రాడ్ మీద పడే బలం మొదటి దానికి సుమారు 280 కిలోలు, రెండో దానికి 170 కిలోలు. వైట్‌మెటల్ అనే మెత్తని లోహం పోసిన పాత బేరింగులకు ఇది పెద్ద ఊరట. ఫోర్డ్ మోడల్ టీ వంటి, ఎదురు బరువులు లేని మూడు బేరింగుల సన్నని క్రాంకులకు మరీ మంచిది. అందుకే ఇనుప పిస్టన్లతో వచ్చిన ఆ ఇంజనుకు అల్యూమినియం పిస్టన్లు వేయడం ఎప్పటి నుంచో ఆనవాయితీ. అయితే క్రాంకుకు ఎదురు బరువులున్న ఇంజనులో పిస్టన్ బరువు బాగా మారితే, క్రాంకును కొత్త బరువుకు తగినట్టు బ్యాలెన్సింగ్ చేయించాల్సి రావచ్చు.

దీనికి మూల్యం వ్యాకోచం. 80 మి.మీ. వ్యాసం గల ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే పోత ఇనుము 0.09 మి.మీ. పెరుగుతుంది. పన్నెండు శాతం సిలికాన్ కలిపిన పోత అల్యూమినియం సుమారు 0.16 పెరుగుతుంది. సిలికాన్ దాదాపు లేని ఫోర్జింగ్ లోహం 0.18 దాకా పెరుగుతుంది. సిలిండర్ ఇనుముది, పిస్టన్ అల్యూమినియంది కావడం వల్ల చల్లగా ఉన్నప్పుడు కొంత వదులు వదలక తప్పదు. ఆ వదులును తగ్గించడానికి 1920లలోనే స్కర్ట్‌ను నిలువుగా చీల్చారు, కొన్నింటిలో ఇన్వార్ పట్టీలు పోతలో పొదిగారు. ఇన్వార్ అంటే 36 శాతం నికెల్ కలిసిన, వేడికి దాదాపు పెరగని ఇనుము. దానిని 1896లో కనుగొన్న గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఫోర్జింగ్ పిస్టన్లు నిజంగానే గట్టివి. కాని ఆ గట్టిదనం అధిక వేగానికి, సూపర్‌ఛార్జర్ ఒత్తిడికి కావాలి. పందెపు ఇంజన్లకు వాడే తక్కువ సిలికాన్ ఫోర్జింగుకు 80 మి.మీ. బోరులో 0.08 నుంచి 0.10 మి.మీ. వరకు వదులు ఇవ్వాల్సి వస్తుంది. చల్లటి ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ పిస్టన్లు గోడకు కొట్టుకుని డబడబమంటాయి. నిమిషానికి మూడు వేల చుట్లు మించని, ఆరు లోపు కంప్రెషన్ రేషియో గల ఇంజనుకు సిలికాన్ కలిసిన మంచి పోత పిస్టన్ చాలు, నా దృష్టిలో అదే మేలు కూడా. ఏ రకమైనా వదులు ఎంత ఉండాలో ఆ పిస్టన్ తయారీదారు ఇచ్చిన అంకెనే పాటించండి. కారు పాత మాన్యువల్‌లో ఉన్న అంకె పాత పిస్టన్‌కు రాసింది. ఇనుప పిస్టన్‌కు చెప్పిన బిగుతును అల్యూమినియానికి ఇస్తే ఇంజను వేడెక్కగానే పట్టేస్తుంది.

సెట్టులోని పిస్టన్లను పిన్నుతో, రింగులతో సహా విడివిడిగా తూయండి. వాటి మధ్య తేడా రెండు మూడు గ్రాములకు మించితే, బరువైన దానిలో పిన్ను దిమ్మల అడుగున ఉండే అదనపు లోహాన్ని కొద్దికొద్దిగా తీయించాలి. తల లోపలి వైపు మాత్రం ముట్టుకోకూడదు.

ప్రశ్న: నేను కొన్న చీలిక స్కర్ట్ పిస్టన్ల మీద బాణం గుర్తు లేదు. చీలిక ఎటు ఉండాలి?

జవాబు: త్రస్ట్ వైపుకు ఎదురుగా. చీలిక ఉన్న పక్క బలహీనం కనుక, పేలుడు ఒత్తిడి అటు పడకూడదు. మీరు కారు ముందు నిలబడి ఇంజనును చూస్తున్నప్పుడు క్రాంకు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంటే, త్రస్ట్ వైపు మీ ఎడమ చేతికి వస్తుంది. అప్పుడు చీలిక మీ కుడి చేతి వైపు ఉండాలి. ఇది కారు పొడవునా అమర్చిన ఇంజనుకు వర్తించే మాట. పిన్ను పిస్టన్ సరిగ్గా మధ్యలో కాకుండా ఒకటి ఒకటిన్నర మి.మీ. పక్కకు జరిపి ఉందేమో కూడా కొలవండి. ఉంటే అది సాధారణంగా త్రస్ట్ వైపుకు జరిగి ఉంటుంది. చీలికా పిన్నూ చెప్పే దిశలు ఒకదానికొకటి పొసగకపోతే అమ్మినవారిని అడగకుండా బిగించవద్దు.

ప్రశ్న: ఎన్నడూ వాడని పాత సెట్టు ఒకటి అట్టపెట్టెలో దొరికింది. నాలుగు పిస్టన్లు, ఒక్కొక్కదానికి నాలుగు లావు రింగులు. ఇప్పటివాళ్లు మూడు సన్న రింగులవే మంచివంటున్నారు. ఈ సెట్టు వాడవచ్చా?

జవాబు: సన్న రింగులు తేలికగా ఉండి అధిక వేగంలో గాడిలో అదరవు, అరిగిన గోడకు కూడా బాగా ఒదుగుతాయి. నెమ్మదిగా తిరిగే మీ ఇంజనుకు అధిక వేగపు చింత లేదు కనుక 3 మి.మీ. లావు రింగులైనా చక్కగా పనిచేస్తాయి. నేను చూసేది వేరొకటి. ఆ లావు రింగులు విడిగా మళ్లీ దొరుకుతాయా? దొరకని పక్షంలో, ఒక్క రింగు విరిగిన రోజున నాలుగు పిస్టన్లూ పనికిరానివవుతాయి. కాబట్టి పిస్టన్లతో పాటు ఒక అదనపు రింగుల సెట్టు కూడా సంపాదించుకోండి. ఒకవేళ సిలిండర్లకు క్రోమియం పూత ఉంటే క్రోమియం పూత రింగులు వేయవద్దు. ఒకే పూత రెండూ రాసుకుంటే గీతలు పడతాయి.

రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా కిందికి నెట్టి, చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. ప్రతి 100 మి.మీ. వ్యాసానికి 0.3 నుంచి 0.4 మి.మీ. చొప్పున లెక్కవేస్తే, మీ బోరు 65 మి.మీ. అయితే 0.20 నుంచి 0.26 రావాలి. ఎక్కువైతే కొంచెం వాయువు కారుతుంది, అంతే. తక్కువైతే వేడికి చివరలు కలుసుకుని రింగు విరుగుతుంది, లేదా గోడను చీరేస్తుంది.

ఇక పెట్టెలోని పిస్టన్ల సంగతి. అల్యూమినియం వయసుతో చెడదు, తేమతో చెడుతుంది. రింగులు తీసి గాడుల అడుగున తెల్లటి పొడి, గుంటలు ఉన్నాయేమో చూడండి. పిన్ను రంధ్రాల్లోనూ చూడండి. ఇనుప రింగుల మీద తుప్పు పట్టి ఉంటే వాటిని పారేసి కొత్తవి వేయండి. సర్క్లిప్‌లు ఎలా ఉన్నా కొత్తవే వేయాలి. చీలిక స్కర్ట్ పిస్టన్లలో పగుళ్లు మొదలయ్యేది చీలిక చివరన, పిన్ను దిమ్మల దగ్గర. అక్కడ రంగు ద్రావకంతో పగుళ్ల పరీక్ష చేయించండి. చీలిక చివర గుండ్రటి చిన్న రంధ్రం ఉండటం పాత పిస్టన్లలో సహజం. పగులు ముందుకు పాకకుండా ఆపడానికే దానిని వేశారు కాబట్టి దానిని చూసి లోపమని భయపడవద్దు. నాలుగింటిలో ఒక్కటి ఈ పరీక్షలో తప్పినా, దాని చోట వేరే తయారీ పిస్టన్‌ను చేర్చి సెట్టు పూర్తి చేయవద్దు. బరువూ వ్యాకోచమూ వేరైన పిస్టన్లు ఒకే ఇంజనులో పక్కపక్కన ఇమడవు.